మనసును లెక్కపెట్టినవాళ్లు

1879–80లలో బెర్లిన్‌లో ఒక యువకుడు బల్ల ముందు కూర్చుని అర్థంలేని అక్షరాలు వల్లె వేసేవాడు. రెండు హల్లుల మధ్య ఒక అచ్చు: బోక్, యాత్, లెప్. అలాంటివి 2,300 తయారుచేసుకున్నాడు. గడియారం నిమిషానికి 150 సార్లు టిక్కుమంటుంటే టిక్కుకొక అక్షరం చొప్పున చదవాలి. వరుస మొత్తం చూడకుండా, తప్పు లేకుండా అప్పజెప్పగలిగేదాకా మళ్లీ మళ్లీ చదవాలి. ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోవాలి. అతని పేరు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. పరీక్ష పెట్టింది అతనే, పరీక్షకు కూర్చున్నదీ అతనే. 1883–84లో ఆ పనంతా మరోసారి చేసి, 1885లో జ్ఞాపకశక్తి మీద చిన్న పుస్తకం అచ్చువేశాడు. మరపును కొలిచిన మొదటి మనిషి ఆయనే.

మనసును కొలవవచ్చన్న ధైర్యం అప్పటికి కొత్తది. అంతకుముందు తరం శాస్త్రవేత్తలు నరంలో సంకేతం పరిగెత్తే వేగాన్ని కొలవడమే అసాధ్యమనుకున్నారు. 1850 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ కప్ప నరం మీద కొలిచి చూశాడు: సెకనుకు సుమారు 27 మీటర్లు. అంటే గంటకు దాదాపు 100 కిలోమీటర్లు, మన ఎక్స్‌ప్రెస్ రైలు వేగం. మెరుపులాంటిదనుకున్నది రైలుబండిలా తేలింది. మరో జర్మన్ శాస్త్రవేత్త వేబర్ మనుషుల చేత బరువులు ఎత్తించి చూశాడు. చేతిలో 40 తులాలుంటే ఒక తులం కలిపితే తేడా తెలుస్తుంది. 80 ఉంటే రెండు కలపాలి. 1860లో ఫెక్నర్ ఈ నిష్పత్తుల మీద ఒక శాస్త్రాన్నే నిలబెట్టాడు. ఎబ్బింగ్‌హౌస్‌కు దారి చూపింది పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఆ ఫెక్నర్ పుస్తకమే.

ఆ తర్వాత ఈ శాస్త్రంలో పేరు పొందిన ప్రతి మనిషి వెనకా ఒక అంకె నిలిచిపోయింది. ఆ అంకెల్లో కొన్ని ఇప్పుడు మన ఇళ్లలోకి, బడుల్లోకి, కోచింగ్ సెంటర్ల గోడల మీదికి వచ్చేశాయి. నా బాధ ఒక్కటే. అంకెను కనిపెట్టినవాళ్లు దాని పక్కన రాసుకున్న జాగ్రత్తలు మనదాకా రాలేదు, అంకె ఒక్కటే వచ్చింది.

మనస్తత్వ శాస్త్రం పుట్టిన ఏడాదిగా పుస్తకాలన్నీ 1879నే చెబుతాయి. ఆ ఏడాదే విల్‌హెల్మ్ వూంట్ లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల మొదలుపెట్టాడు. దీపం వెలిగిన ఎంతసేపటికి వేలు మీట నొక్కుతుంది? రెండు రంగుల్లో ఏది వెలిగిందో తేల్చుకోవాలంటే ఎంత ఆలస్యమవుతుంది? అక్కడి పని ఇలాంటిది, అన్నీ సెకనులో వెయ్యోవంతుల లెక్కలు. వూంట్ కింద 180 మందికి పైగా డాక్టరేట్ చేశారు. జీవితం మొత్తంలో ఆయన రాసిన పుటలను తర్వాతి తరం చరిత్రకారుడు బోరింగ్ లెక్కగట్టాడు: 53,735. రోజుకు సగటున రెండు పుటల పైచిలుకు, 68 ఏళ్లపాటు.

ఆ 180 మందిలో ఒకడైన మున్‌స్టర్‌బర్గ్ హార్వర్డ్ వెళ్లాడు. అతని దగ్గర చదివిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా కలకత్తా తిరిగివచ్చి 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్ర విభాగాన్ని నడిపించారు. లైప్‌జిగ్ గదికీ కలకత్తా గదికీ మధ్య 37 ఏళ్లే ఎడం. కానీ వూంట్ గురించి నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది వేరు. ప్రయోగశాలకు తండ్రి అనిపించుకున్న ఆ మనిషే భాష, ఆచారం, పురాణం వంటి పెద్ద విషయాలు ప్రయోగశాలకు అందవని నమ్మాడు. వాటికోసం 1900 నుంచి 1920లో చనిపోయేదాకా పది సంపుటాలు వేరే పద్ధతిలో రాశాడు. మీట నొక్కడాన్ని కొలిచినవాడికి ఆ కొలత ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుసు.

మళ్లీ ఎబ్బింగ్‌హౌస్ దగ్గరికి వద్దాం. ఎందుకంటే మన పిల్లల చదువుకు తగిలే అంకెలు అక్కడున్నాయి. 'చదివినదాంట్లో 67 శాతం ఒక్కరోజులో మరిచిపోతాం' అన్న మాట మీరు వినే ఉంటారు. జ్ఞాపకశక్తి తరగతుల ప్రకటనల్లో ఇది కనిపిస్తూనే ఉంటుంది. ఆయన కొలిచింది ఇది కాదు. 13 అక్షరాల వరుసలు నేర్చుకుని, కొంత వ్యవధి తర్వాత వాటినే మళ్లీ నేర్చుకునేవాడు. మొదటిసారి 1,000 సెకన్లు పట్టి, మర్నాడు మళ్లీ నేర్వడానికి 663 సెకన్లే పట్టిందనుకోండి, 337 సెకన్ల శ్రమ మిగిలింది. అంటే ఆదా 33.7 శాతం. ఆయన పట్టికలో ఉన్నవి ఈ ఆదా లెక్కలు: సుమారు 20 నిమిషాలకు 58.2, గంటకు 44.2, తొమ్మిది గంటలకు 35.8, ఒక రోజుకు 33.7, రెండు రోజులకు 27.8, ఆరు రోజులకు 25.4, 31 రోజులకు 21.1.

ఈ వరుసను ఒకసారి నింపాదిగా చూడండి. మొదటి గంటలోనే సగానికి పైగా జారిపోయింది. కానీ ఒక రోజు నుంచి నెల దాకా పోయింది 12.6 పాళ్లు మాత్రమే. పైగా, ఒక్కటి కూడా గుర్తులేదనిపించే వరుసలో కూడా ఐదోవంతు శ్రమ నెల తర్వాత మిగిలే ఉంది. 'అంతా మరిచిపోయాను' అని ఏడ్చే పిల్లకు ఈ అంకె చెప్పాలి. మళ్లీ పుస్తకం తెరిస్తే మొదటిసారి పట్టినంత సేపు పట్టదు.

ఇక ఆయన అర్థంలేని అక్షరాలనే ఎందుకు తీసుకున్నాడు? అర్థం ఉంటే లెక్క చెడిపోతుంది గనుక. ఎంత చెడిపోతుందో కూడా కొలిచాడు. బైరన్ పద్యాలు కంఠతా పట్టి చూస్తే, అంతే పొడవున్న అర్థంలేని అక్షరాలకు పట్టే శ్రమలో సుమారు పదోవంతే పట్టింది. అర్థం, లయ, అంత్యప్రాస కలిసి పని చేస్తే తొమ్మిది వంతుల బరువు దిగిపోతుందన్నమాట. యతిప్రాసలతో పద్యం నేర్చిన తెలుగువాళ్లకు ఇది వింత కాదు. అష్టావధాని ఒక పక్క గంటలు లెక్కపెడుతూ, మరో పక్క అప్రస్తుత ప్రసంగికి జవాబిస్తూ, నాలుగు పాదాలూ చివర ధారణ చేయగలుగుతున్నాడంటే అందులో ఛందస్సు మోస్తున్న బరువు చిన్నది కాదు. పద్యాన్ని పాడి నేర్పడం పాతకాలపు పద్ధతి అని తీసిపారేసే ఉపాధ్యాయులు ఈ పదోవంతు లెక్క ఒక్కసారి చూడాలి.

పరీక్ష ముందురోజు రాత్రి చదువుకూ ఆయన దగ్గర జవాబుంది. 12 అక్షరాల వరుసను ఒకే రోజున 68 సార్లు చదివితే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివితే వచ్చింది. 30 సార్ల చదువు ఉత్తపుణ్యానికి మిగిలింది. ఇదంతా ఒక్క మనిషి తలలో తేలిన లెక్కే కదా అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు మరో మనిషి చేత 70 గంటలపాటు అదే పని చేయించారు. 130 ఏళ్ల తర్వాత గీసిన గీత పాత గీతకు దగ్గరగానే వచ్చింది.

జ్ఞాపకశక్తి పరిశోధనలో ఇంకో పేరు చెప్పకుండా ముందుకు పోలేను. ఒక మాటను మరో మాటతో జతచేసి గుర్తుంచుకునే పరీక్షను రూపొందించింది మేరీ విటన్ కాల్కిన్స్. 1895లో హార్వర్డ్ ఆచార్యుల ముందు డాక్టరేట్ పరీక్షను గొప్పగా నెగ్గింది. స్త్రీ కాబట్టి విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వలేదు. పదేళ్ల తర్వాత, 1905లో, అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘానికి ఆమే అధ్యక్షురాలైంది, 14వ అధ్యక్షులుగా, మొదటి మహిళగా. పట్టా మాత్రం 1930లో చనిపోయేదాకా రాలేదు.

1956లో జార్జ్ మిల్లర్ 'మాయా సంఖ్య ఏడు' అంటూ వ్యాసం రాశాడు. మనం ఒక్కసారికి మనసులో పట్టి ఉంచగలిగేవి ఏడు, రెండు అటూ ఇటూ. ఈ ఏడు ఎంత పాకిందంటే దుకాణంలో అరలు, తెర మీద బొమ్మలు కూడా ఏడుకు మించకూడదని సూత్రాలు పుట్టాయి. మిల్లర్ అసలు చెప్పింది మూట కట్టడం గురించి. మొబైల్ నంబరు పది అంకెలు. దాన్ని మనం ఐదూ ఐదుగానో, మూడూ మూడూ నాలుగుగానో చెప్పుకుంటాం. పది విడి గింజలు రెండు మూడు మూటలవుతాయి. పట్టేది ఎన్ని గింజలన్నది మూట పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2001లో నెల్సన్ కోవన్ ఇలా మూట కట్టే వీలు లేకుండా చూసిన ప్రయోగాలన్నీ వడపోసి, మిగిలేది నాలుగు దగ్గర అన్నాడు.

ఇప్పుడు అన్నిటికన్నా భయపెట్టిన అంకె: 65. దానికంటే ముందు ఒక 37 ఉంది. 1950లలో సోలమన్ ఆష్ ఒక గీతను చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దీనితో సమానమైనది ఏదని అడిగాడు. కళ్లున్న ఎవరైనా చెప్పగలిగే జవాబు. కానీ గదిలో ఒక్కరు తప్ప అందరూ ఆయన మనుషులే, కావాలని తప్పు చెబుతారు. 123 మందిని ఒక్కొక్కరిగా అలా కూర్చోబెడితే, మందితో కలిసి తప్పు చెప్పిన సందర్భాలు 36.8 శాతం. సుమారు నాలుగోవంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు. గదిలో నిజం చెప్పేవాడు ఇంకొక్కడు తోడైతే చాలు, తప్పులు నాలుగోవంతుకు పడిపోయాయి.

ఆష్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన స్టాన్లీ మిల్‌గ్రామ్, తూర్పు ఐరోపా నుంచి న్యూయార్క్ వచ్చిన యూదు దంపతుల కొడుకు. 1961లో జెరూసలేంలో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణ నడిచింది. ఆ ఏడాదే యేల్ విశ్వవిద్యాలయంలో మిల్‌గ్రామ్ 40 మంది మామూలు పురుషులను పిలిచాడు. నాలుగు డాలర్ల కూలి, దారి ఖర్చులకు 50 సెంట్లు. గోడ అవతల ఉన్న మనిషి జవాబు తప్పినప్పుడల్లా షాక్ ఇవ్వాలి. మీటలు 30, ఒక్కోదానికి 15 వోల్టులు పెరుగుతూ 450 దాకా. అవతలి మనిషి 47 ఏళ్ల అకౌంటెంటు, అతను పాత్ర పోషిస్తున్నాడు, నిజంగా షాక్ తగలదు. మీట నొక్కేవాడికి ఆ సంగతి తెలియదు. ఎంతమంది చివరిదాకా వెళతారని ముందుగా 14 మంది విద్యార్థులను అడిగితే వాళ్ల అంచనా సగటున 1.2 శాతం.

300 వోల్టుల దాకా 40 మందిలో ఒక్కరూ ఆగలేదు. అక్కడ అవతలి మనిషి గోడ బాదాడు. అప్పుడు ఐదుగురు లేచారు. 315 దగ్గర నలుగురు, 330 దగ్గర ఇద్దరు, ఆ తర్వాత మూడు మీటల దగ్గర ఒక్కొక్కరు. మొత్తం 14. మిగిలిన 26 మంది, అంటే 65 శాతం, చెమటలు పడుతూ, వణుకుతూ, పెదవులు కొరుక్కుంటూ 450 దాకా నొక్కారు.

ఈ 65ను పట్టుకుని మనిషి పుట్టుకతోనే క్రూరుడని తేల్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే మిల్‌గ్రామ్ అక్కడితో ఆపలేదు. గది అమరికను ఇరవై రకాలుగా మార్చి చూశాడు. అవతలి మనిషి చేతిని తానే పట్టుకుని షాక్ పలక మీద పెట్టాల్సి వస్తే చివరిదాకా వెళ్లినవాళ్లు 30 శాతం. ఆజ్ఞాపించే పెద్దమనిషి గదిలో లేక ఫోన్లో చెబితే 20.5. పక్కన కూర్చున్న ఇద్దరు 'మేం చేయం' అని లేచిపోతే 10, అంటే 40లో నలుగురు. ఆజ్ఞ ఇచ్చే ఇద్దరు పెద్దలు ఒకరితో ఒకరు విభేదిస్తే సున్నా. అదే ఊరి మనుషులు, అదే యంత్రం, ఫలితం మాత్రం 65 నుంచి సున్నా దాకా. మొదట లేచినవాడు ఎంత విలువైనవాడో ఆష్ గదీ, ఈ గదీ ఒకే లెక్క చెబుతున్నాయి. పాఠ్యపుస్తకాలు 65ను అచ్చువేసి 10ని వదిలేయడం నాకు అన్యాయమనిపిస్తుంది. మిల్‌గ్రామ్‌ను తప్పుపట్టవలసింది ఇంకొకచోట: నిజం చెప్పకుండా మనుషులను అంత హింస పెట్టడం. ఆ విమర్శ ఆయన బతికి ఉండగానే వచ్చింది, న్యాయమైనదే. ఈ రోజు ఏ విశ్వవిద్యాలయ నైతిక సంఘమూ ఆ ప్రయోగాన్ని అదే రూపంలో అనుమతించదు.

ఈ శాస్త్రం తనను తాను కూడా లెక్కపెట్టుకుంది. 2015లో వందల మంది పరిశోధకులు కలిసి, పేరున్న పత్రికల్లో అచ్చయిన 100 ప్రయోగాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం నికరమైన ఫలితం చూపినవి, రెండోసారి 36 శాతమే చూపాయి. అంతకు కొన్నేళ్ల ముందు వచ్చిన మరో లెక్క: పెద్ద పత్రికల్లోని ప్రయోగాలకు కూర్చున్న మనుషుల్లో 96 శాతం పాశ్చాత్య సంపన్న దేశాలవాళ్లు, ఆ దేశాల జనాభా మాత్రం ప్రపంచంలో 12 శాతం. 'మనుషులు ఇలా ఉంటారు' అని చదివినప్పుడు ఆ మనుషుల్లో మనవాళ్లు దాదాపు లేరని గుర్తుంచుకోవాలి. తన ఫలితాల్లో ఎన్ని నిలబడలేదో అచ్చువేసి చెప్పుకున్నందుకు ఈ శాస్త్రం మీద నా గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు.

ఒక అంకెను మాత్రం కావాలనే చివరికి ఉంచాను. అది 30.

ఫ్రాన్స్‌లో 1882లో నిర్బంధ విద్య చట్టం వచ్చింది. అన్ని రకాల పిల్లలూ బడికి వచ్చారు. వెనకబడుతున్నవాళ్లను ఎలా గుర్తించాలో చూడమని 1904లో ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. అందులో సభ్యుడైన ఆల్‌ఫ్రెడ్ బినే, డాక్టర్ సిమోన్‌తో కలిసి 1905లో 30 చిన్న పరీక్షలు కూర్చాడు. మొదటిది వెలుగుతున్న అగ్గిపుల్ల వెంట చూపు తిప్పడం. మధ్యలో మూడు అంకెలు తిరిగి చెప్పడం, రెండు బరువుల్లో ఏది ఎక్కువో తేల్చడం. ముప్పయ్యోది దగ్గరి అర్థాలున్న రెండు మాటల తేడా చెప్పడం. 1908లో వాటిని వయసుల వారీగా సర్దాడు. పరీక్షకు కూర్చున్న పిల్లవాడు ఈ రోజు ఎక్కడున్నాడో చెప్పడమే తమ పని, ఎందుకున్నాడో, రేపు ఏమవుతాడో చెప్పడం కాదని స్పష్టంగా రాశాడు. బుద్ధి ఇంతే, ఇక పెరగదు అనేవాళ్ల మీద 1909లో ఒక పుస్తకంలో గట్టిగా విరుచుకుపడ్డాడు. వెనకబడిన పిల్లల కోసం శ్రద్ధను, జ్ఞాపకాన్ని పెంచే కసరత్తులు తయారుచేశాడు. 1911లో, 54 ఏళ్లకే చనిపోయాడు.

ఆయన పోయిన మరుసటి ఏడాది జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించాడు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని 100తో హెచ్చించాడు. ఐక్యూ పుట్టింది. ఒకటో ప్రపంచ యుద్ధంలో సుమారు 17 లక్షల మంది సైనికులకు బుద్ధి పరీక్షలు జరిగాయి. 1924లో వర్జీనియా రాష్ట్రం 'బుద్ధిహీనుల'కు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించే చట్టం తెచ్చింది. క్యారీ బక్ అనే 17 ఏళ్ల పేదపిల్ల బలాత్కారానికి గురై గర్భవతి అయితే, పెంచుతున్న కుటుంబమే ఆమెను ఆశ్రమానికి పంపించేసింది. పరీక్షలో ఆమె మానసిక వయసు తొమ్మిదేళ్లని తేల్చారు. 1927 మే 2న అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపు నిలిచిన తీర్పుతో శస్త్రచికిత్సకు అనుమతించింది. ఆ అక్టోబరులో చేసేశారు. ఇలాంటి చట్టాల కింద అమెరికా అంతటా శస్త్రచికిత్సలు జరిగినవారు 60,000 మందికి పైగా. క్యారీ బడి రికార్డులు మామూలుగానే ఉన్నాయి. తల్లిలాగే బుద్ధిహీనురాలని ముద్ర వేసిన ఆమె కూతురు వివియన్ 1931లో బడిలో మంచి విద్యార్థుల జాబితాకు ఎక్కింది. మరుసటి ఏడాది జబ్బుతో, ఎనిమిదేళ్లకే పోయింది.

పుట్టుకతో స్థిరపడిందని వాళ్లు నమ్మిన ఆ అంకె నిజానికి కదులుతూనే ఉంది. 1932 నుంచి 1978 మధ్య అమెరికాలో సగటు ఐక్యూ 13.8 పాయింట్లు పెరిగిందని జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపించాడు. 46 ఏళ్లలో జాతి రక్తం మారదు. బడి, తిండి, బతుకు మారతాయి.

బినే పరీక్ష మన దగ్గరికీ వచ్చింది. 1930లలో వి. వి. కామత్ దాన్ని మరాఠీ, కన్నడ పిల్లలకు తగినట్టు మార్చారు. బినే–కామత్ పరీక్ష పేరుతో దేశంలో ఇప్పటికీ వాడుతున్నారు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. వైకల్య శాతాన్ని నిర్ధారించే మన సదరం శిబిరాల బయట పిల్లలను ఎత్తుకుని నిలబడే తల్లులకు శాతం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే చాలా హక్కులకు తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ అంకె పిల్లవాడి పక్షాన పనిచేస్తోంది, బినే కోరుకున్నది ఇదే. కానీ అదే కాగితం బడిలో 'వీడికి రాదు' అనడానికి సాకుగా మారితే మనం వర్జీనియా వైపు ఒక అడుగు వేసినట్టే.

అందుకే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నా మనవి. మీ పిల్లవాడి బుద్ధికి ఎవరైనా ఒక అంకె వేసి మీ చేతికిస్తే తీసుకోండి, భద్రంగా దాచుకోండి. ఇచ్చినవారిని మాత్రం అడగకుండా ఇంటికి రాకండి: దీన్ని బట్టి రేపటి నుంచి మా వాడికి మీరు నేర్పబోయేదేమిటి, మళ్లీ ఎప్పుడు చూస్తారు?